ఖాకీ మీద పసుపు

బూట్ల చప్పుడు.

రాళ్ళ మీద... మట్టిలో... మళ్ళీ రాళ్ళ మీద.

చంద్రగిరి కోటలో చీకటి పడి గంట కూడా కాలేదు. ముందు పరిగెడుతున్నవాడు అమెరికా సోల్జరు. వెనక పరిగెడుతున్నవాడు హెడ్ కానిస్టేబుల్ గురప్ప.

వాడికి ఇరవై రెండేళ్ళు. ఈయనకు నలభై ఎనిమిది.

కానీ వాడికి ఈ కోట కొత్త. గురప్ప చిన్నప్పుడు ఇక్కడ గొర్రెలు కాశాడు.

"అన్నా! ఎడం పక్కకు మళ్ళినాడు!" వెనక నుంచి కానిస్టేబుల్ గోవిందస్వామి కేక.

"రాజమహల్ సుట్టూ తిరిగి రా. ఎగువ దావలో అడ్డం పడు."

"తుపాకి కాల్సనా?"

"కాలిస్తే నిన్ను నేను కాలుస్తా. వాడు నాకు ప్రాణంతో కావాల."

ముళ్ళకంప పిక్కను చీరింది. గురప్ప ఆగలేదు. నిక్కరు జేబులో సున్నం డబ్బీ అడుగడుక్కీ తొడకు కొట్టుకుంటోంది. రోజుకు ఇరవై ఆకులు నమిలే మనిషి. ఇవాళ ఒక్క ఆకు నోట్లో వేయలేదు. మేనకోడలి శవం కళ్ళ ముందు ఉంటే నోరు ఎర్రగా చేసుకోవడానికి మనసెట్లా వస్తుంది?

తొమ్మిదింటికి రేణిగుంటలో మద్రాసు బండి. ఈ లోపల వాణ్ణి అమెరికా కెప్టెన్‌కు అప్పజెప్పాలి. అది ఆర్డరు.

అప్పజెప్పే ముందు గురప్పకు పది నిమిషాలు కావాలి. పదే పది.

ఆ పిల్లను ఎందుకు చంపావురా అని అడగడానికి.

*

పొద్దున ఐదింటికి ఫోను వచ్చింది. అలిపిరి మెట్ల మీద శవం.

పంకజాక్షి. గురప్ప అక్క నాగులమ్మ కూతురు. ఇరవై ఏళ్ళ పిల్ల. చిత్తూరు బళ్ళో చదువుకుంది. ఇంగ్లీషు గడగడ మాట్లాడుతుంది.

రేణిగుంట దగ్గర అమెరికా వాళ్ళు వైర్‌లెస్ క్యాంపు పెట్టారు. జపాను మీద యుద్ధంలో అమెరికా, బ్రిటన్ ఒక జట్టు కదా. ఆ రెండు సైన్యాల మధ్య మాటలు మోయడానికి క్యాంపు పక్కనే ఒక ఆఫీసు. దానికి పెద్ద మేజర్ వెల్బీ అనే ఇంగ్లీషు దొర. ఆ ఆఫీసులో పంకజాక్షి టెలిఫోను ఆపరేటరు.

ఉద్యోగం వేయించింది గురప్పే. వెల్బీ కాళ్ళు పట్టుకుని మరీ వేయించాడు.

పిల్లకు ఒక మొక్కు ఉండేది. బర్మా యుద్ధానికి పోయిన తమ్ముడు బతికే ఉన్నాడని తెలిస్తే మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడతానని. పోయిన వారం ఉత్తరం వచ్చింది. బతికే ఉన్నాడు.

ఇవాళ తెల్లవారుజామున ఒక్కతే మెట్ల పూజ మొదలుపెట్టింది.

గురప్ప మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. మూడు వందల పదకొండు మెట్లకు పసుపూ కుంకుమా ఉన్నాయి. మూడు వందల పన్నెండో మెట్టుకు పసుపు మాత్రమే ఉంది.

అక్కడే పడి ఉంది. తల పగిలి.

తడిపిన పసుపు గిన్నె బోర్లా పడింది. మూడు మెట్ల నిండా పసుపు పారింది. ఆ పసుపులోంచి కిందికి దిగిన బూటు గుర్తులు... ఏడు.

బూట్లు!

కొండ కింద చెప్పులు వదలకుండా ఆ మెట్లెక్కే మనిషి ఈ జిల్లాలో పుట్టలేదు. అంటే తెల్లవాడే. గురప్ప వంగి కొలిచాడు. జానెడు మీద నాలుగు వేళ్ళు.

మధ్యాహ్నానికి మేజర్ వెల్బీయే ఆఫీసుకు పిలిచి పేరు చెప్పాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ జిల్లాల్లో ఉన్నాడు. తెలుగు పరీక్ష ప్యాసయ్యాడు. పుస్తకం తెలుగు మాట్లాడతాడు.

"హంతకుడు నా జీపు నడుపు అమెరికా సైనికుడు. డానీ. క్యాంపు విడిచి పారిపోయినాడు. జీపు అలిపిరిలో ఉండగా చూచినవారు కలరు. మిక్కిలి విచారకరము."

"పట్టుకోని చిత్తూరు కోర్టులో నిలబెడతా దొరా."

"మన కోర్టులకు అధికారము లేదు. అమెరికా సైనికుని అమెరికా సైన్యమే విచారించవలెను. అది ఢిల్లీ ఆర్డినెన్సు. నీవు పట్టి కెప్టెన్ మోర్స్‌కు ఇమ్ము. ఆయన రాత్రి రైలులో మద్రాసుకు పంపును. అక్కడ ఓడ."

"ఆ తర్వాత?"

"తరువాత ఏమియు లేదు. రెండు మిత్రదేశముల మైత్రి ముఖ్యము."

గురప్పకు ఒళ్ళు మండింది. "అమెరికా వోడు ఒక దొరనే సంపినాడనుకోండి. అప్పుడు కూడా ఇంతేనా?"

వెల్బీ నవ్వాడు. పిల్ల శవం ఇంకా గుడ్డ కప్పుకుని అక్క ఇంటి వాకిట్లో ఉండగా నవ్వాడు.

"అప్పుడును ఇంతే గురప్పా. ప్రమాదవశమున మరణము అని వ్రాసి కాగితము మూసెదము."

కాగితం మూసెదరట. పెరుగు గిన్నె మీద మూత పెట్టినట్టు.

*

ఎగువ దావలో విజిల్ మోగింది. గోవిందస్వామి అడ్డం పడ్డాడు.

డానీ వెనక్కి తిరిగాడు. ఎదురుగా గురప్ప. రెండు పక్కలా గోడలు.

వాడి చేతిలో పిస్తోలు!

టార్చి వెలుగులో పిస్తోలు కనబడింది. వాడు దాన్ని ఇంకా ఎత్తలేదు.

గురప్ప ఆలోచించలేదు. లాఠీ లేచింది. మణికట్టు మీద పడింది. పిస్తోలు ఎగిరి మట్టిలో పడింది. గురప్ప దాన్ని తీసి నడుముకు దోపుకున్నాడు. వాడి కాలరు పట్టి గోడకు ఆనించాడు.

"గోవిందస్వామీ, కోట వాకిట్లోకి పో. కబురు పోయింది, దొర జీపు వస్తాది. వచ్చినాక ఈల వెయ్."

"నువ్వొక్కడివే..."

"పో."

ఇద్దరే మిగిలారు. గురప్ప ఇంగ్లీషు అంతంతమాత్రం. పోలీసు పరీక్షకు చదివిన ఇంగ్లీషు. అయినా ఒక్క ప్రశ్నకు చాలు.

"వై?" అన్నాడు. "వై యూ కిల్?"

డానీ ఏడుస్తున్నాడు. మగపిల్లవాడు, సోల్జరు, ముక్కు కారేలా ఏడుస్తున్నాడు. "నేను కాదు సార్. దేవుడి మీద ఒట్టు. నేను కాదు."

ఏ దొంగైనా అనే మాటే. గురప్ప చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది.

టార్చి వెలుగు వాడి కాళ్ళ మీద పడింది.

బూట్లు. పెద్దవి... బాగా పెద్దవి.

గురప్ప కూర్చుని కొలిచాడు. జానెడు మీద ఆరు వేళ్ళు. ఇంకోసారి కొలిచాడు. ఆరే.

బూటు ఎత్తి చూశాడు. బురద ఉంది. ముల్లు ఉంది. కుట్లలో గోరు పెట్టి గీకాడు. నల్లమట్టి రాలింది. పసుపు లేదు. వాసన కూడా లేదు. గిన్నెడు పసుపులో తొక్కి నడిచిన బూటుకు కుట్లలోనైనా పసుపు ఉండాలి.

"ఎవురు?" అన్నాడు గురప్ప తెలుగులోనే. "హూ?"

డానీ చెప్పాడు. మెల్లగా, ఒక్కొక్క ముక్కా, పల్లెటూరి పోలీసుకు అర్థమయ్యేలా.

మేజర్ పంకజాక్షిని నెల రోజులుగా వేధిస్తున్నాడు. రాత్రి డ్యూటీ వేస్తాడు. గదిలోకి పిలుస్తాడు. ఆ పిల్ల ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి కెప్టెన్ మోర్స్‌కు పిటిషన్ రాసింది. గుడికి వెళ్ళొచ్చాక ఇస్తానని డానీతో చెప్పింది. ఆ సంగతి మేజర్ చెవిన పడింది. ఇవాళ నాలుగింటికి డానీని నిద్ర లేపాడు. అలిపిరికి పోనివ్వమన్నాడు. జీపు దిగి మెట్లెక్కాడు. పావుగంటలో దిగి వచ్చాడు. చేతిలో ఒక కవరు. రుమాలుతో కాలు తుడుచుకుంటున్నాడు.

"పొద్దునే నా పేరు చెప్పారని విన్నాను. అందుకే పారిపోయాను. నన్నెవరు నమ్ముతారు సార్?"

గురప్ప వాడి కాలు వదిలేశాడు.

నెల రోజులు. ఆ నెల రోజుల్లో ఆదివారం ఆదివారం ఆ పిల్ల గురప్ప ఇంటికి వచ్చింది. అన్నం తిన్నది. ఉద్యోగం ఎట్లా ఉందమ్మా అంటే బాగుంది మామా అన్నది. ఉద్యోగం వేయించింది మామే కదా. మామ దొర కాళ్ళు పట్టుకున్నాడు కదా. ఇంకేం చెప్తుంది?

గురప్ప లేచి నిలబడ్డాడు.

కానీ... వీడు చెప్పేది అబద్ధమైతే? తప్పించుకోవడానికి కట్టిన కథ అయితే?

ఈల వినబడింది.

జీపు వచ్చేసింది.

*

గురప్ప డానీని నడిపించుకొచ్చాడు. రాజమహల్ ముందు రెండు టార్చిలు. ముందు మేజర్ వెల్బీ. నిక్కరు, మోకాళ్ళ దాకా ఖాకీ మేజోళ్ళు. వెనక కెప్టెన్ మోర్స్, పొడుగ్గా, చేతిలో నోటుబుక్కు. వాళ్ళ వెనక గోవిందస్వామి.

గురప్ప వెల్బీ కాళ్ళకేసి చూశాడు. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఆర్డర్లీ పాలిష్ చేసి ఉంటాడు. జానెడు మీద నాలుగు వేళ్ళే ఉంటాయి. కానీ బూట్లేసుకునే వాళ్ళలో సగం మందికి అంతే ఉంటాయి.

మేజోళ్ళు?

పొద్దున్నుంచీ దొర టెలిఫోను వదల్లేదని మధ్యాహ్నం ఆఫీసులో ఆర్డర్లీ చెప్పాడు. బట్టలు మార్చుకోలేదు. మార్చుకునే అవసరం ఏముంది? తుడిచేస్తే ఖాకీ మీద పసుపు కనబడదు. అదీ ఇదీ ఒకటే రంగు.

కనబడదు... కళ్ళకు.

గురప్ప చెయ్యి జేబులోకి పోయింది. సున్నం డబ్బీ మూత బొటనవేలితో తీశాడు. తడి సున్నం. నాలుగు వేళ్ళూ ముంచాడు.

"భేష్ గురప్పా," అన్నాడు వెల్బీ. "నీ సేవ రెండు దేశములు మరువవు."

గురప్ప రెండడుగులు వేశాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చేతులా వెల్బీ పిక్కలు పట్టుకున్నాడు.

"దొరా... మీ కాళ్ళు మొక్కుతా దొరా. నా బిడ్డ ఉసురు తీసినోణ్ణి పట్టించినారు."

వెల్బీ కదల్లేదు. ఇరవయ్యేళ్ళుగా కాళ్ళ మీద పడేవాళ్ళను చూస్తున్నాడు. అలవాటైన సుఖం. గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డాడు.

గురప్ప వేళ్ళు ఖాకీ మేజోళ్ళ మీద కిందికీ పైకీ పోయాయి. రెండు కాళ్ళకూ. గట్టిగా.

లేచాడు. "కెప్టెన్ సార్. టార్చ్ ప్లీజ్. హియర్."

మోర్స్ టార్చి కిందికి దించాడు.

ఎడమ కాలి మీద తెల్లటి సున్నం చార.

కుడి కాలి మీద...

ఎరుపు!

చూస్తుండగానే ముదురుతోంది. మోకాలి కింది నుంచి బూటు దాకా.

"రక్తమా?" అన్నాడు మోర్స్.

"నో సార్. టర్మెరిక్." గురప్ప రెండు చేతులూ టార్చి ముందు చాచాడు. వేళ్ళకు సున్నం. నోరు తెరిచి చూపించాడు. ఆకు లేదు, వక్క లేదు. వచ్చిన ఇంగ్లీషు, రాని చోట తెలుగు. "పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడతాది సార్. మా ఇండ్లల్లో కుంకం అట్లే సేస్తారు. రెండు కాళ్ళకూ ఒకే సున్నం పూసినా. ఒకటి తెల్లగా ఉండాది, ఒకటి ఎర్రగా ఉండాది. నా బిడ్డ పసుపు గిన్నె ఈయన కాలి మీదే పడింది. పసుపు పారిన మెట్ల మీద ఈ సోల్జరు బూటు పడలేదు. కావాలంటే కొల్సుకోండి."

డానీ మధ్యలో అందుకుని ఇంగ్లీషులో తన కథ జోడించాడు. పిటిషన్ సంగతి, కవరు సంగతి, రుమాలు సంగతి.

వెల్బీ తన కాలును తాను చూసుకుంటున్నాడు. తెలుగు వ్యాకరణం అంతా వచ్చు దొరకు. ఇరవయ్యేళ్ళలో ఒక్క తెలుగు వంటింట్లోకి తొంగి చూసి ఉంటే ఇది కూడా వచ్చేది.

మోర్స్ ముఖం బిగుసుకుంది. "వెల్బీ, నిజమేనా?"

వెల్బీ చెయ్యి రుమాలు కోసం జేబులోకి పోయింది. అదే జవాబు.

గురప్ప మోర్స్‌కేసి చూశాడు. తెల్లవాడే అయినా న్యాయం ఉన్నవాడు. ఇంకో దేశం వాడు. ఇప్పుడు...

వెల్బీ గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు. క్లబ్బులో పేకాట మధ్యలో మాట్లాడినట్టు.

"మోర్స్, వచ్చే వారం మీ జనరల్, మా జనరల్ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. మీ రెండో క్యాంపుకు స్థలం కావాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టించేది నేను. ఒక ఆపరేటరు పిల్ల కోసం అదంతా తారుమారు చేస్తావా?"

గురప్పకు ఆ ఇంగ్లీషు పూర్తిగా అర్థమైంది. ఎందుకో ఆ ఒక్కసారి ప్రతి ముక్కా అర్థమైంది.

మోర్స్ డానీని చూశాడు. ఎర్ర మేజోడును చూశాడు. తన గడియారం చూశాడు.

నోటుబుక్కు మూశాడు.

"డానీ తొమ్మిదింటి బండి ఎక్కుతాడు. దూరంగా బదిలీ. విచారణ ఉండదు. హంతకుడు దేశం దాటాడని మీరు రాసుకోండి."

"సార్, అంటే నేనే చంపానని..." డానీ కెప్టెన్ ముందు మోకాళ్ళ మీద పడ్డాడు.

"నోరు మూసుకో సోల్జర్."

వెల్బీ చెయ్యి చాచాడు. మోర్స్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఊపారు. ఒకసారి. రెండుసార్లు.

కుళ్ళిన దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇద్దరు పెద్దమనుషులు ముక్కులు మూసుకోకుండా చేతులు కలుపుకుంటున్నారు. ఇదీ మైత్రి. దీని కోసమే మేనల్లుడు బర్మా అడవుల్లో జ్వరాలతో పడి ఉన్నాడు. వీళ్ళ గెలుపు కోసం.

"ఇక పొమ్ము గురప్పా," అన్నాడు వెల్బీ. వంగి రుమాలుతో కాలు తుడుచుకుంటున్నాడు. పోవడం లేదు. "నీ అక్కకు ఏదైనా సాయము చేయించెదను."

"దొరా."

"ఏమి?"

"పొద్దున మీరొక మాట సెప్పినారు. అమెరికా వోడు దొరను సంపినా ఇంతే అని. ప్రమాదం అని రాసి కాగితం మూస్తారని."

వెల్బీ తల ఎత్తాడు.

గురప్ప చేతిలో డానీ పిస్తోలు.

ఢాం!

రాజమహల్ గూళ్ళలోని పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. వెల్బీ మహలు మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు. ఒక కాలు తెలుపు, ఒక కాలు ఎరుపు.

మోర్స్ రివాల్వరు గురప్ప నుదుటి మీద ఉంది. గోవిందస్వామి కొయ్యబారిపోయాడు.

గురప్ప పిస్తోలును మెల్లగా మోర్స్ పాదాల దగ్గర పెట్టాడు. చేతులు పైకెత్తాడు. వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాడు.

"పిస్తోలు మీ దేశానిది సార్. గుండు మీ దేశానిది. క్యాంపు విడిసి పారిపోయినోడు మీ సోల్జరు. సూసినోళ్ళు ఏమంటారు? అమెరికా వోడు బ్రిటిష్ మేజర్ని సంపినాడంటారు. వచ్చే వారం మీ జనరల్ ఏ మొగం పెట్టుకోని ఆ బల్ల కాడ కూర్సుంటాడు?"

మోర్స్ పళ్ళు కొరికాడు. "కాల్చింది నువ్వు. అదే రాస్తాను."

"రాయండి. నేను అమెరికా వోణ్ణి కాదు, దొరనూ కాదు. నాకు ఏ ఆర్డినెన్సూ లేదు. నన్ను చిత్తూరు కోర్టులో, తలుపులు తెరిసి పెట్టి విచారించాల. ఆడ నేను నోరిప్పుతా. ఆ మేజోడు గురించి సెప్తా. మీరు ఊపిన చెయ్యి గురించి కూడా సెప్తా."



ఒక్కొక్క పావురమే తిరిగి వచ్చి గూట్లో వాలుతోంది.

మోర్స్ రివాల్వరు దించాడు. డానీని చూశాడు. గోవిందస్వామిని చూశాడు.

"నువ్వేం చూశావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఆయన ఏమంటాడన్నా?" అన్నాడు గోవిందస్వామి.

"ఏం సూసినావంటాడు."

"సీకట్లో ఏం అగుపడతాది? నాకు రేచీకటి కదా." గురప్ప ఆ మాటను ఇంగ్లీషు చేశాడు.

మోర్స్ నోటుబుక్కు మళ్ళీ తెరిచాడు. పెన్సిలు తీశాడు. ముఖంలో కోపం లేదు, బాధ లేదు. లెక్క తేలిన గుమాస్తా ముఖం.

"మేజర్ వెల్బీ ఆయుధం శుభ్రం చేసుకుంటుండగా పేలింది. ప్రమాదవశాత్తు మరణం. టైము... ఎనిమిదిన్నర. నువ్వు చూశావు."

"సూసినాను సార్," అన్నాడు గురప్ప.

"మేజర్‌తో వచ్చింది డానీయే. ఈ కోటకు, నాతో పాటు. వాడు ఎక్కడికీ పారిపోలేదు."

"లేదు సార్."

"మెట్ల మీద ఆ అమ్మాయి?"

గురప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. "ఆ కాగితంలో మాత్రం హంతకుడి పేరు రాసుకుంటా సార్. నా స్టేషన్‌లో, నా చేత్తో. సచ్చినోడి మీద కేసు ఎట్లాగూ నడవదు. పేరు ఉంటే సాలు."

మోర్స్ తల ఊపాడు. పెన్సిలు జేబులో పెట్టుకుని చెయ్యి చాచాడు.

ఇందాక వెల్బీ చెయ్యి ఊపిన చెయ్యి అదే.

గురప్ప దాన్ని చూశాడు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. గెలిచానన్న సంతోషం రవ్వంత కూడా లేదు. వీళ్ళ అబద్ధం మీదే ఇకపై తన బతుకు నిలబడాలి. చేతిని ఖాకీ నిక్కరుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. సున్నం వేళ్ళ సందుల్లో అలాగే ఉంది.

డానీని భుజం పట్టి లేవదీసి కెప్టెన్ పక్కన నిలబెట్టాడు. కోట వాకిలి వైపు నడిచాడు.

"యాడికన్నా?" గోవిందస్వామి వెంట పరిగెత్తాడు.

"అక్క కాడికి. అంటు తీరినాక అలిపిరికి పోవాల." గురప్ప వెనక్కి తిరగలేదు. "మూడు వందల పన్నెండో మెట్టుకు ఇంకా కుంకం పెట్టలేదు."